ఉన్నదా? లేదా? – ఫైలును గురించి కంప్యూటరును అడిగే విద్య

గుంటూరు బ్రాడీపేటకు కొత్తగా వచ్చినవారికి అక్కడి చిరునామాలు మొదట లెక్కల పుస్తకంలోని భిన్నాల్లాగా కనిపిస్తాయి. దుకాణాల బోర్డుల మీద, శుభలేఖల మీద ‘4/14, బ్రాడీపేట’ అని రాసి ఉంటుంది. నాలుగును పద్నాలుగుతో భాగించమని కాదు దాని అర్థం. నాలుగవ లైను, పద్నాలుగవ అడ్డరోడ్డు అని. ఈ పేటను గళ్ల నోటుపుస్తకంలో గీతలు గీసినట్లుగా లైన్లు, అడ్డరోడ్లు వేసి కట్టారు. రెండు అంకెలు తెలిస్తే చాలు, దారిలో ఎవరినీ అడగకుండానే ఆ కూడలికి చేరుకోవచ్చు.

అయితే ఒక్క మాట. చిరునామా రాయగలిగినంత మాత్రాన అక్కడ ఇల్లు ఉన్నట్లు కాదు. కాగితం మీద ‘4/1400’ అని కూడా రాయవచ్చు. కాగితం అభ్యంతరం చెప్పదు! ఆ ఇల్లు ఉన్నదో లేదో తెలియాలంటే వెళ్లి చూడవలసిందే. పోస్టుమాన్ చేసే పని అదే. ఇల్లు కనబడితే ఉత్తరం ఇస్తాడు, కనబడకపోతే వెనక్కు పంపుతాడు.

కంప్యూటరులో కూడా ఇటువంటి చిరునామాలే ఉంటాయి. మనం దాచుకునే ప్రతి వ్యాసానికి, ప్రతి బొమ్మకు, ప్రతి పాటకు ఫైలు అని పేరు. ఫైళ్లను ఉంచే అరను డైరెక్టరీ అంటారు. అరలో అర, దానిలో మరొక అర ఉండవచ్చు. వాటి పేర్లను వరుసగా, మధ్యలో ఏటవాలు గీత పెట్టి రాస్తే అది ఫైలు చిరునామా అవుతుంది. ‘/గుంటూరు/బ్రాడీపేట/4/14’ అని రాశామనుకోండి. గుంటూరు అనే అరలో బ్రాడీపేట అనే అర, అందులో 4 అనే అర, అందులో 14 అనే ఫైలు అన్నమాట. మన పేట చిరునామాలోని గీతే ఇక్కడా ఉండడం విశేషం!

ఈ చిరునామా దగ్గర నిజంగా ఫైలు ఉన్నదా, లేదా? ఈ చిన్న ప్రశ్నను కంప్యూటరును ఎలా అడగాలి, అది ఇచ్చే జవాబును ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈ వ్యాసంలో మనం తెలుసుకోబోయే విషయం. ఇంత చిన్న ప్రశ్నకు ఒక వ్యాసం ఎందుకు అనుకోకండి. ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల ఒకాయన ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయిన సంగతి ముందు చెబుతాను.

2015 జనవరిలో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రాము వాడే ఒకాయన దాని డైరెక్టరీని ఒకచోటి నుండి మరొకచోటికి మార్చి, ప్రోగ్రామును మొదలుపెట్టాడు. ఆ ప్రోగ్రాముతో పాటు వచ్చిన ఆజ్ఞల పట్టికలో ‘ఫలానా డైరెక్టరీలోని వాటినన్నిటినీ చెరిపివేయి’ అనే వాక్యం ఒకటి ఉన్నది. ఆ ‘ఫలానా’ స్థానంలో డైరెక్టరీ పేరు వచ్చి చేరాలి. పేరు దొరకలేదు. ఆ స్థానం ఖాళీగా ఉండిపోయింది. అప్పుడు మిగిలినదేమిటి? ఒక ఏటవాలు గీత, దాని పక్కన ‘అన్నీ’ అనే అర్థమిచ్చే నక్షత్రపు గుర్తు. మొదటి ఏటవాలు గీత అంటే కంప్యూటరులోని సమస్తానికి మూలమైన డైరెక్టరీ. ఆయన ఫైళ్లన్నీ చెరిగిపోయాయి. తంతితో తగిలించి ఉంచిన బయటి డ్రైవులోని నకళ్లు కూడా పోయాయి. విచిత్రమేమిటంటే, ఆ వాక్యం పైన దాన్ని రాసిన ప్రోగ్రామరే ‘భయంగా ఉంది’ అనే అర్థమిచ్చే మాట ఒకటి రాసుకున్నాడు. భయపడ్డాడే కాని పరీక్షించలేదు. తరువాత ఆ తప్పును సరిదిద్దారు.

పెంకు, గింజ

మన మెట్ట పొలాల్లో పండే వేరుశనగకాయను ఒలిచి చూడండి. పైన పెంకు, లోపల గింజ. కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాముకు ‘కెర్నెల్’ అని పేరు. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. మనం టైపు చేసిన ఆజ్ఞను చదివి, అర్థం చేసుకుని, కెర్నెల్‌కు అందించే ప్రోగ్రామును ‘షెల్’ అంటారు. షెల్ అంటే పెంకు. పేర్లు పెట్టినవారు మంచి పోలికే ఎంచుకున్నారు.

ఒకే రకమైన ఆజ్ఞలను రోజూ టైపు చేయడం విసుగు. అందుచేత వాటిని వరుసగా ఒక ఫైలులో రాసిపెట్టి, ‘దీన్ని చదివి చేయి’ అని షెల్‌కు చెప్పవచ్చు. అటువంటి ఆజ్ఞల పట్టికకే షెల్ స్క్రిప్టు అని పేరు. వంటవాడికి రాసిచ్చిన చీటీ వంటిది. ఒక తేడా ఉంది. ఇంట్లో పప్పు నిండుకుంటే వంటవాడు వచ్చి అడుగుతాడు. షెల్ అడగదు. లేని పప్పును కూడా కడిగి, లేని పప్పును పొయ్యి మీద పెట్టి, చివరకు ఖాళీ గిన్నె మన ముందు ఉంచుతుంది. కనుక ‘పప్పు ఉన్నదో లేదో ముందు చూడు’ అని చీటీలోనే రాయాలి.

అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో యునిక్స్ అనే వ్యవస్థను మొదలుపెట్టారు. దాని ఏడవ కూర్పు 1979లో వెలువడింది. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్, ‘టెస్ట్’ అనే ఆజ్ఞ ఆ కూర్పుతో వచ్చాయి. టెస్ట్ అంటే పరీక్ష. పేరుకు తగినట్లు దాని పని అంతా పరీక్షించడమే. 1989లో బ్రయన్ ఫాక్స్ ‘బాష్’ అనే షెల్‌ను అందరూ ఉచితంగా వాడుకునేట్లు విడుదల చేశాడు. 1991లో లినుస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ప్రారంభించాడు. మన దేశంలో సి-డాక్ సంస్థవారు విడుదల చేసిన బాస్ అనే వ్యవస్థ, తెలుగులో పనిచేసేట్లు స్వేచ్ఛ సంస్థవారు తయారుచేసిన వ్యవస్థ, రెండూ లినక్స్ సంతానమే. మీ బడిలో లినక్స్ కంప్యూటరు ఉంటే ఈ వ్యాసంలో చెప్పినవన్నీ స్వయంగా చేసి చూడవచ్చు. ఇక్కడ ఆజ్ఞలను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేయాలి. ఫైళ్ల పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచవచ్చు. లినక్స్ సంతోషంగా ఒప్పుకుంటుంది.

బ్రాకెట్టు కాని బ్రాకెట్టు

‘ధరలు’ అనే ఫైలు ఉన్నదా అని అడగాలంటే ఇలా టైపు చేయాలి:

[ -ఇ ధరలు ]

ఇందులో ‘-ఇ’ అన్నది ‘ఉన్నదా’ అనే ప్రశ్నకు పొట్టిపేరు. చదరపు బ్రాకెట్లను చూసి బీజగణితం అనుకునేరు. నిజానికి ఎడమవైపు బ్రాకెట్టు ఒక ఆజ్ఞ పేరు! ‘టెస్ట్’ అనే ఆజ్ఞకు మారుపేరుగా యునిక్స్‌లో దీన్ని చేర్చారు. కుడివైపు బ్రాకెట్టు ‘ప్రశ్న అయిపోయింది’ అని చెప్పే గుర్తు మాత్రమే. ఈ రహస్యం తెలిస్తే బ్రాకెట్టు పక్కన ఖాళీ ఎందుకు విడవాలో వెంటనే బోధపడుతుంది. ‘రాము రా’ అనడానికి బదులు ‘రామురా’ అని కలిపి పిలిస్తే ఆ పేరుగలవాడు ఎవరూ పలకరు కదా. అలాగే బ్రాకెట్టును ‘-ఇ’తో కలిపి టైపు చేస్తే, అటువంటి ఆజ్ఞ ఏదీ లేదని షెల్ చెబుతుంది.

పై ఆజ్ఞ టైపు చేసి మీట నొక్కితే తెర మీద ఏమీ కనిపించదు. కొంపదీసి పనిచేయలేదేమో అనిపిస్తుంది. పనిచేసింది. షెల్‌లో ప్రతి ఆజ్ఞా పని ముగించాక ఒక అంకెను చెవిలో చెప్పినట్లు చెప్పి వెళుతుంది. దాన్ని బయటికి రప్పించడానికి

ఎకో $?

అని టైపు చేయాలి. ఫైలు ఉంటే 0 వస్తుంది, లేకపోతే 1 వస్తుంది.

ఇదేమి తిరకాసు? పరీక్షలో సున్నా వస్తే తప్పినట్లు కదా! ఇక్కడ సున్నా వస్తే గెలిచినట్లు. ఈ ప్రశ్న పిల్లలు ప్రతిసారీ అడుగుతారు, అడగవలసిన ప్రశ్నే. కారణం ఇది. పని సక్రమంగా జరగడం ఒకే విధం. చెడిపోవడం మాత్రం అనేక విధాలు. ఫైలు లేకపోవచ్చు, అనుమతి లేకపోవచ్చు, ప్రశ్నే తప్పుగా అడిగి ఉండవచ్చు. సజావుగా జరిగినదానికి సున్నాను ఇచ్చి, 1 నుండి 255 వరకు ఉన్న అంకెలన్నిటినీ రకరకాల తప్పుల కోసం మిగిల్చారు. సున్నా అంటే ‘ఫిర్యాదులు సున్నా’ అని గుర్తుపెట్టుకోండి.

టెస్ట్ ఆజ్ఞ ఇచ్చే జవాబులు రెండు కావు, మూడు. 0 అంటే ఉన్నది. 1 అంటే లేదు. 2 అంటే ‘నీ ప్రశ్న నాకు అర్థం కాలేదు’. ఈ మూడవదాన్ని మరచిపోకండి, దీనితో మనకు తరువాత పని ఉంది.

ఏమి ఉన్నది?

‘4/14లో ఏమైనా ఉన్నదా?’ అన్న ప్రశ్న వేరు, ‘అక్కడ ఇల్లు ఉన్నదా?’ అన్నది వేరు, ‘ఆ ఇంట్లో మనుషులున్నారా?’ అన్నది మరీ వేరు. షెల్ వీటికి వేరువేరు అక్షరాలను కేటాయించింది. ‘-ఇ’ అంటే ఏదో ఒకటి ఉంటే చాలు. ‘-ఎఫ్’ అంటే అది మామూలు ఫైలే అయి ఉండాలి. ‘-డి’ అంటే డైరెక్టరీ అయి ఉండాలి. ‘-ఎస్’ అంటే ఫైలు ఉండడమే కాక, అందులో కనీసం ఒక్క అక్షరమైనా ఉండాలి. చదవడానికి అనుమతి ఉన్నదా అని ‘-ఆర్’, రాయడానికి ఉన్నదా అని ‘-డబ్ల్యు’ అడుగుతాయి. 1979 నాటి టెస్ట్‌లో ‘-ఎఫ్’, ‘-డి’, ‘-ఎస్’ ఉండేవి గాని ‘-ఇ’ లేదు. 1992లో ప్రమాణాలు రాసినప్పుడు దాన్ని చేర్చారు. అన్నిటికంటె సులువైన ప్రశ్న అన్నిటికంటె ఆలస్యంగా వచ్చింది చూశారా!

ఈ తేడాలు ఎందుకు ముఖ్యమో మన మిర్చి ధరలతోనే చూద్దాం. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటని మీరు వినే ఉంటారు. మీరు రోజుకొక ఫైలు చొప్పున క్వింటాలు ధరను రాసిపెట్టి, వారం చివర సగటు కట్టే స్క్రిప్టు రాశారనుకుందాం. ఐదు రోజులూ ధర 15,000 రూపాయలే పలికిందని అనుకోండి. మిగిలిన రెండు రోజులు యార్డుకు సెలవు, కనుక ఆ రోజులకు ఫైళ్లు లేవు. స్క్రిప్టు ఫైలు ఉన్నదో లేదో చూడకుండా, దొరకనిదాన్ని సున్నా అనుకుని ఏడు రోజులకూ సగటు కట్టితే ఏమవుతుంది? 75,000ను 7తో భాగించగా సుమారు 10,714 రూపాయలు వస్తుంది. ధర ఒక్క రోజైనా తగ్గలేదు, కాని సగటు నాలుగువేలకు పైగా పడిపోయింది! ఇటువంటి లెక్కను నమ్మి ఒక రైతు కోల్డు స్టోరేజీలో సరుకు ఉంచాలో అమ్మాలో నిర్ణయించుకుంటే అతని గతి ఏమిటి? వేసవిలో యార్డుకు ఎక్కువ రోజులు సెలవులిస్తారు. అప్పుడు ఈ స్క్రిప్టు మిర్చిని ఉచితంగా పంచుతున్నారని చెప్పినా చెప్పగలదు.

‘లేదు’ అన్నది ఒక సమాచారం. ‘సున్నా’ అన్నది ఇంకొక సమాచారం. ఎవరో ఫైలు తెరిచి ధర రాయడం మరచిపోతే అది మూడవ సంగతి. ‘-ఇ’ అడిగితే ఆ ఖాళీ ఫైలును చూసి ‘ఉన్నది’ అంటుంది. ‘-ఎస్’ అడిగితేనే గుట్టు బయటపడుతుంది.

వాన లెక్క

వాతావరణ శాఖవారు మన దేశంలో వర్షపాతాన్ని ఉదయం 8:30 గంటలకు కొలుస్తారు. మీ బడిలో వర్షమాపకం ఉంటే మీరూ అదే వేళకు కొలిచి, ఆ రోజు పేరుతో ఒక ఫైలులో రాసుకోవచ్చు. దానికి ‘వాన’ అనే ఈ స్క్రిప్టు చాలు:

ఇఫ్ [ -ఇ "$1" ]
దెన్
ఎకో "ఈ రోజు లెక్క ముందే రాసి ఉన్నది"
ఎల్స్
ఎకో "$2" > "$1"
ఫై

దీన్ని ‘బాష్ వాన 14-జూలై 12.4’ అని నడిపించాలి. $1 అన్నచోట మొదటి మాట అయిన 14-జూలై వచ్చి చేరుతుంది. $2 అన్నచోట 12.4 మిల్లీమీటర్లు వచ్చి చేరుతుంది. ‘ఇఫ్’ అంటే ‘అయితే’, ‘దెన్’ అంటే ‘అప్పుడు’, ‘ఎల్స్’ అంటే ‘లేకపోతే’. చివరనున్న ‘ఫై’ ఏమిటంటారా? ‘ఇఫ్’లోని రెండు ఇంగ్లీషు అక్షరాలను తిరగవేస్తే ‘ఫై’ వస్తుంది. తలుపు తెరిచిన పేరును తిరగవేసి తలుపు మూయడమన్నమాట. ఈ సరదా పద్ధతిని బోర్న్ అల్గాల్ 68 అనే పాత భాష నుండి తెచ్చుకున్నాడు.

ఇందులో ‘>’ గుర్తు అసలు ప్రమాదకారి. ‘ఎడమవైపు వచ్చినదాన్ని కుడివైపు ఫైలులో రాయి’ అని దాని అర్థం. కాని రాయబోయే ముందు ఆ ఫైలులో ఏమున్నా తుడిచివేస్తుంది, మనల్ని అడగదు. పలక మీద కొత్త లెక్క వేయడానికి పాత లెక్కను చెరిపినట్లే. మొదటి వరుసలోని పరీక్ష లేకపోతే, ఉదయం ఒకరు రాసిన 12.4ను మధ్యాహ్నం మరొకరు 0 అని రాసి మాయం చేయవచ్చు. ఆ రోజు వాన మళ్లీ కురవదు, మళ్లీ కొలవలేము.

కొటేషన్ గుర్తులు ఎందుకు?

$1 చుట్టూ పెట్టిన జంట కొటేషన్ గుర్తులను అలంకారం అనుకోవద్దు. ఫైలు పేరు ‘మిర్చి ధరలు’ అనుకోండి. మధ్యలో ఖాళీ ఉన్నది. గుర్తులు లేకపోతే షెల్ దాన్ని రెండు మాటలుగా విడగొట్టి టెస్ట్‌కు ఇస్తుంది. టెస్ట్ తికమకపడి, ‘ప్రశ్న అర్థం కాలేదు’ అని 2 అనే జవాబు ఇస్తుంది. ఇఫ్‌కు మాత్రం సున్నా అయితే ఒక దారి, మరేదైనా అయితే రెండో దారి. కనుక అది ‘ఫైలు లేదు’ అనే దారి పడుతుంది. ఫైలు ఎదురుగానే ఉన్నది! ప్రశ్న సరిగా అడగనందువల్ల లేదనిపించుకున్నది.

దీనికంటె వింత మరొకటి ఉన్నది. స్క్రిప్టుకు ఫైలు పేరు ఇవ్వడమే మరచిపోయారనుకోండి. $1 ఖాళీ. గుర్తులు లేకుండా [ -ఎఫ్ $1 ] అని రాసి ఉంటే, టెస్ట్‌కు చేరేది [ -ఎఫ్ ] మాత్రమే. టెస్ట్‌కు ఒకే ఒక మాట ఇస్తే, ఆ మాట ఖాళీ కాకపోతే చాలు ‘నిజమే’ అంటుంది. దాని లెక్కన ‘-ఎఫ్’ కూడా ఒక మాటే కదా! జవాబు 0. పేరే లేని ఫైలు ‘ఉన్నది’ అని తేలింది. కొటేషన్ గుర్తులు పెడితే ఖాళీ పేరు ఖాళీ పేరుగానే చేరి, సరిగా ‘లేదు’ అని వస్తుంది.

మీరు నిలబడిన చోటు

బ్రాడీపేటలో నిలబడి ఎవరినైనా ‘4/1 ఎక్కడండీ?’ అంటే ఒక చోటు చూపిస్తారు. పక్కనే ఉన్న అరండల్‌పేటలోనూ లైన్లూ, అడ్డరోడ్లూ ఉన్నాయి. అక్కడ నిలబడి అదే అడిగితే మరో చోటు చూపిస్తారు. ఏటవాలు గీతతో మొదలుకాని చిరునామా ఇటువంటిదే. షెల్ ఏ డైరెక్టరీలో నిలబడి ఉంటే అక్కడి నుండే వెదుకుతుంది. చేతితో నడిపినప్పుడు చక్కగా పనిచేసిన స్క్రిప్టు, రాత్రి పన్నెండు గంటలకు దానంతటదే నడిచేట్లు పెడితే ‘ఫైలు లేదు’ అనడానికి ముఖ్యకారణం చాలాసార్లు ఇదే. రాత్రి అది వేరే పేటలో నిలబడి ఉన్నది! మొదటి ఏటవాలు గీత నుండి పూర్తి చిరునామా రాస్తే ఈ చిక్కు ఉండదు.

తెలుగు పేర్లలోని మాయ

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టుకునే మనకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. కంప్యూటరు పుస్తకాల్లో వీటిని గురించి సాధారణంగా రాయరు.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి అక్షరానికి, ప్రతి గుణింతపు గుర్తుకు ఒక సంఖ్య ఉంటుంది. లినక్స్ ఒక్కొక్క తెలుగు గుర్తును మూడు బైట్లలో దాస్తుంది. ‘మార్కెట్’ అనే పేరును విడగొట్టి చూడండి: మ, దీర్ఘం, ర, పొల్లు, క, ఎత్వం, ట, పొల్లు. మొత్తం 8 గుర్తులు, 24 బైట్లు. లినక్స్‌లో మామూలుగా ఒక పేరు 255 బైట్లకు మించరాదు. ఇంగ్లీషులో అయితే 255 అక్షరాలు పడతాయి, మనకు మాత్రం 85 గుర్తులతో సరి.

అంతకంటె పెద్ద మాయ కంటికి కనిపించని అక్షరం. పొల్లు తరువాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపడానికి యూనికోడ్‌లో ఒక అదృశ్య గుర్తు ఉన్నది. దాని సంఖ్య 8204. ‘అరండల్‌పేట’లో ‘ల్’ కింద ‘ప’ ఒత్తు పడకుండా ఆపేది అదే. కొన్ని టైపింగు పద్ధతులు పొల్లుతో ముగిసే మాటల చివర కూడా దీన్ని చేర్చివేస్తాయి. అప్పుడు మీ స్నేహితుడు టైపు చేసిన ‘మార్కెట్’ 27 బైట్లు, మీరు టైపు చేసినది 24 బైట్లు. తెర మీద రెండూ ఒకటే. భూతద్దం పెట్టి చూసినా ఒకటే. మీ స్నేహితుడు చేసిన ఫైలును మీరు ‘ఉన్నదా?’ అని అడిగితే లినక్స్ నిర్మొహమాటంగా ‘లేదు’ అంటుంది. అది బైట్లను పోల్చి చూస్తుంది, బొమ్మలను కాదు.

ఐత్వాన్ని కూడా రెండు విధాల రాయవచ్చు. 3144 అనే ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా 3142 అనే ఎత్వం, దాని కింద 3158 అనే గుర్తు అని రెండు ముక్కలుగా రాయవచ్చు. ‘పైరు’ అనే పేరుతో ఒకే డైరెక్టరీలో రెండు ఫైళ్లు కనబడితే దయ్యం పట్టిందనుకోకండి, ఇది చూసుకోండి. ఆపిల్‌వారి నేటి మ్యాక్ కంప్యూటర్లు ఈ రెండింటినీ ఒకే పేరుగా లెక్కిస్తాయి, లినక్స్ లెక్కించదు. పేరును చేత్తో మళ్లీ టైపు చేయకుండా, డైరెక్టరీలో కనబడే పేరునే నకలు తీసి అతికిస్తే ఈ బాధ తప్పుతుంది. అన్నట్టు, ఇంగ్లీషువారికి పెద్దబడి, చిన్నబడి అనే మరో తంటా ఉన్నది. ఆ బాధ మాత్రం మనకు లేదు!

‘లేదు’ అంటే నిజంగా లేదా?

డైరెక్టరీ అన్నది లోపల మన హాజరుపట్టీ వంటిదే. ఒకవైపు పేర్లు, ఎదురుగా ఒక్కొక్క ఫైలుకు ఒక సంఖ్య. టెస్ట్ ఆజ్ఞ ఫైలును తెరవదు. ‘ఈ పేరు ఎదుట సంఖ్య ఉన్నదా? ఉంటే దాని వివరాలు చెప్పు’ అని కెర్నెల్‌ను అడుగుతుంది. పేరు లేకపోతే కెర్నెల్ 2వ నంబరు తప్పు చెబుతుంది. అంటే ‘అటువంటి ఫైలు లేదు’. పట్టీ ఉన్న గదిలోకి వెళ్లడానికే అనుమతి లేకపోతే 13వ నంబరు తప్పు చెబుతుంది. అంటే ‘ప్రవేశం లేదు’. ఈ రెండూ ఎంత వేరో చూడండి! కాని టెస్ట్ ఈ రెండింటికీ ఒకే జవాబు ఇస్తుంది: 1. గేటుకు తాళం వేసి ఉంటే లోపల ఎవరూ లేరని చెప్పి వచ్చేసే పోస్టుమాన్‌ను ఏమనాలి? టెస్ట్‌ను నేను తప్పుపట్టేది ఈ ఒక్క విషయంలోనే.

మరొక తమాషా చేసి చూడండి. ‘అసలు’ అనే ఫైలును తయారుచేయండి. తరువాత ‘ఎల్ఎన్ -ఎస్ అసలు నీడ’ అనే ఆజ్ఞ ఇవ్వండి. ‘నీడ’ అన్నది ‘అసలు’ వైపు వేలు చూపించే సూచిక మాత్రమే. ఇప్పుడు ‘అసలు’ను చెరిపివేయండి. డైరెక్టరీలో ‘నీడ’ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అయినా [ -ఇ నీడ ] అని అడిగితే జవాబు 1! టెస్ట్ వేలు చూపించినచోటికి వెళ్లి చూసింది, అక్కడ ఏమీ లేదు. సూచిక ఉన్నదా అని విడిగా అడగడానికి ‘-ఎల్’ వాడాలి. ఇది మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరం.

కిటికీలోంచి తువ్వాలు

మన ‘వాన’ స్క్రిప్టులో ఇంకా ఒక లొసుగు మిగిలే ఉన్నది. రెండు కంప్యూటర్ల ముందు ఇద్దరు విద్యార్థులు ఒకే డైరెక్టరీలో, ఒకే క్షణంలో ఆ స్క్రిప్టును నడిపారనుకోండి. మొదటి స్క్రిప్టు అడిగింది: ఫైలు ఉన్నదా? లేదు. అది రాయబోయే లోపల రెండవది అడిగింది: ఉన్నదా? ఇంకా లేదు. మొదటిది రాసింది. రెండవది దాన్ని తుడిచి తన లెక్క రాసింది. ఇద్దరూ నిబంధన ప్రకారమే నడిచారు, అయినా ఒక లెక్క పోయింది. అడగడానికి, చేయడానికి మధ్య ఉన్న సన్నని సందులో ఈ ప్రమాదం దాగి ఉన్నది. ఆ సందు సెకనులో వెయ్యవ వంతే కావచ్చు. కాని కంప్యూటరుకు అది చాలా పొడుగు.

పండుగ రోజుల్లో గుంటూరు బస్టాండులో ఈ సమస్యను జనం ఎలా పరిష్కరిస్తారో గమనించారా? బస్సెక్కి సీటు ఖాళీగా ఉన్నదని చూసి, దిగివచ్చి, సామాను తీసుకుని వెళ్లేవాడికి సీటు దొరకదు. తెలిసినవాడు కిటికీలోంచి తువ్వాలు వేస్తాడు. చూడడం, పట్టుకోవడం ఒకే విసురులో జరిగిపోతాయి. షెల్‌లో కూడా అటువంటి తువ్వాళ్లు ఉన్నాయి. కొత్త డైరెక్టరీని తయారుచేసే ‘మేక్‌డిర్’ ఆజ్ఞ అటువంటిది. ఆ పేరుతో ఏదైనా ముందే ఉంటే అది విఫలమవుతుంది, లేకపోతే తయారుచేస్తుంది. ఈ రెండు పనుల మధ్య మరొకరు దూరకుండా కెర్నెల్ చూసుకుంటుంది. ఇద్దరు ఒకేసారి ప్రయత్నిస్తే ఒక్కరికే 0 వస్తుంది. స్క్రిప్టు మొదట్లో ‘సెట్ -సి’ అని ఇంగ్లీషు పెద్ద అక్షరంతో రాస్తే, ‘>’ గుర్తు కూడా బుద్ధిగా మారి, ఉన్న ఫైలును తుడవడానికి నిరాకరిస్తుంది.

చేసి చూడండి

ఎడమ బ్రాకెట్టు ఒక ఆజ్ఞ అని చెప్పాను కదా. నమ్మకం కుదరకపోతే ఆ బ్రాకెట్టునే అడిగి తెలుసుకోవచ్చు. లినక్స్‌లో ఆజ్ఞలుండే డైరెక్టరీ ‘/యూఎస్ఆర్/బిన్’. అక్కడ బ్రాకెట్టు పేరుతో ఫైలు ఉన్నదేమో ఇలా అడగండి:

[ -ఇ /యూఎస్ఆర్/బిన్/[ ]

తరువాత ‘ఎకో $?’ అని టైపు చేసి అంకె చూడండి. బ్రాకెట్టు తన ఉనికికి తానే సాక్ష్యం చెప్పడం భలేగా ఉంటుంది. నిజానికి వేగం కోసం బాష్ తన లోపల కూడా ఒక బ్రాకెట్టును ఉంచుకున్నది, మీరు అడిగినప్పుడు జవాబు చెప్పేది అదే. ఆ తరువాత ‘-ఇ’కు బదులు ‘-డి’ పెట్టి అదే ప్రశ్న అడగండి. ‘-ఎస్’ పెట్టి అడగండి.

చివరగా రెండు బ్రాకెట్ల మధ్య ఒక్క ఖాళీ తప్ప ఏమీ లేకుండా [ ] అని టైపు చేసి, వచ్చిన అంకెను [ -ఎఫ్ ] ఇచ్చిన అంకెతో పోల్చి చూడండి. తేడా ఎందుకు వచ్చిందో పైన చెప్పినదాన్ని బట్టి మీరే కనిపెట్టవచ్చు.